టాకో మసాలాకి ప్యాకెట్ ఎందుకండీ?

సంపాదకుడు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం అనుబంధంలో ఇంట్లోనే టాకోలు, అంటే మొక్కజొన్న రొట్టె మడిచి మధ్యలో కూర పెట్టుకునే మెక్సికో వంటకం, చేసుకోవడం ఎలాగో వేశారు. ఫొటో బాగుంది, పిల్లలు చూస్తే చేసిపెట్టమని అడక్క మానరు. కానీ కావలసిన పదార్థాల్లో మొదటి వరుసే 'టాకో సీజనింగ్ ప్యాకెట్ ఒకటి' అని, అది లేకపోతే 'కారం రెండు టేబుల్ స్పూన్లు, గరం మసాలా ఒక టీస్పూను' అని ఉంది చూడండి, అక్కడ నాకు ఒళ్లు మండింది. మేం ఉండేది టెక్సస్‌లో, డాలస్ పక్కన. ఆ ప్యాకెట్‌లో ఉన్న రుచి చాలావరకు ఈ నేలదే కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను, కాస్త పొడుగైతే ఏమీ అనుకోకండి.

ముందు ఆ కారం సంగతి. అమెరికా వంటకాల్లో చిల్లీ పౌడర్ అని ఉంటే అది మనం మిల్లులో ఆడించుకునే కారం కాదు. ఇక్కడ షాపులో సీసా వెనక్కి తిప్పి చదివితే తెలుస్తుంది: మిరప, జీలకర్ర, ఓరెగానో అనే ఎండు ఆకు, వెల్లుల్లి పొడి, చాలావాటిలో ఉప్పు కూడా. అంటే సగం మసాలా అందులోనే కలిసిపోయి ఉంది. పైగా అందులో వేసే మిరప ఎక్కువగా యాంకో లాంటి రకం, అంటే పొబ్లానో అనే మెక్సికో మిరపకాయ పండాక ఎండబెట్టింది. అరచెయ్యంత ఉంటుంది, నల్లగా ముడతలు పడి, విరిస్తే పుటుక్కున విరగదు, తోలులా సాగుతుంది, వాసన చూస్తే కిస్‌మిస్ గుర్తొస్తుంది. ఘాటు చూస్తే స్కోవిల్ లెక్కలో వెయ్యి, మహా అయితే రెండు వేలు. మన గుంటూరు తేజ అదే లెక్కలో పదుల వేలల్లో ఉంటుంది. మీరు రాసినట్టు రెండు టేబుల్ స్పూన్లు తేజ కారం పడితే ఇంకేమైనా ఉందా! మా చెల్లెలి కొడుకు ఇక్కడికి చదువుకోడానికి వచ్చిన కొత్తలో నెట్‌లో చూసి సరిగ్గా అదే చేశాడు, వాళ్లమ్మ కట్టిచ్చిన కారం డబ్బా తీసి. పారేయడానికి మనసొప్పక రూమ్‌లో వాళ్లంతా ఆ చికెన్ కీమాని పెరుగన్నంలో నంజుకుని అవగొట్టారు.

ఈ కలిపిన కారం పొడి పుట్టింది కూడా టెక్సస్‌లోనే. శాన్ ఆంటోనియో కూడళ్లలో మెక్సికన్ ఆడవాళ్లు సాయంత్రమయ్యేసరికి బల్లలు వేసుకుని మాంసం, మిరప కలిపి ఉడికించిన చిల్లీ అమ్మేవాళ్లు. దగ్గర్లోని న్యూ బ్రాన్‌ఫెల్స్‌లో విలియం గెబార్ట్ అనే జర్మన్ వలసదారు 1890లలో, మిరపకాయలు ఏడాది పొడుగునా దొరక్కపోవడంతో, వాటిని పొడి కొట్టించి సీసాల్లో అమ్మకానికి పెట్టాడు. జీలకర్ర ఇంత దండిగా పడటానికి 1731లో కానరీ దీవుల నుంచి వచ్చి శాన్ ఆంటోనియోలో స్థిరపడిన కుటుంబాలు కారణమని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు.

మెక్సికోలో ఈ ప్యాకెట్ వంట ఉండదు. టాకోలో పెట్టే కాల్చిన మాంసం, కార్నె అసాదా అంటే ఉప్పు, నిప్పు, పైన నిమ్మకాయ, అంతే. అల్ పాస్తోర్ అనే ఇంకో రకం అయితే ఎండుమిరప నానబెట్టి నూరి, ఎర్ర రంగిచ్చే అచియోటె గింజల ముద్ద కలిపి మాంసానికి పట్టించి, నిలువు చువ్వకి గుచ్చి కాలుస్తారు. అది లెబనాన్ నుంచి వెళ్లినవాళ్లు నేర్పిన పద్ధతి, హైదరాబాద్‌లో మనం తినే షవర్మాకి దాయాది. గట్టి పెంకులో కీమా, పైన చీజ్ తురుము పెట్టేది మాత్రం అమెరికా అలవాటు, 1962లో కాలిఫోర్నియాలో మొదలైన టాకో బెల్ దాన్ని ఊరూరా తిప్పింది. మీరేమో 'అసలైన మెక్సికన్ రుచి' అని శీర్షిక పెట్టారు. పోనీలెండి, అది పెద్ద గొడవేం కాదు.

ప్యాకెట్ సంగతికొస్తా. పదార్థాలు బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకి రాయాలని మన దేశంలోనూ నియమం ఉంది, కాబట్టి లేబుల్ మీద మొదటి మూడు పేర్లు చదివితే చాలు. ఇక్కడి ప్యాకెట్లు కొన్నిటిలో మాల్టోడెక్స్‌ట్రిన్ (పిండి పదార్థం నుంచి తీసే పొడి), ఉప్పు, మొక్కజొన్న పిండి, పంచదార ముందే కనిపిస్తాయి. చివర్లో సిలికాన్ డయాక్సైడ్ అని ఉంటుంది, పొడి గడ్డ కట్టకుండా వేసేది. అది విషమేం కాదు, భయపడక్కర్లేదు. నా బాధల్లా ఉప్పు గురించే. ప్యాకెట్ మొత్తం కుమ్మరించాక ఉప్పు మన చేతిలో ఉండదు, దానిమీద చీజ్, సాల్సా, చిప్స్, అన్నిట్లోనూ మళ్లీ ఉప్పే. బీపీ ఉన్నవాళ్ల ఇంట్లో అది చూసుకోవద్దా?

జీలకర్ర, మిరప, వెల్లుల్లి, ఉప్పు. ఈ నాలుగూ కలిస్తే మన ఇంట్లో వెల్లుల్లి కారం అవుతుంది కదా. దాన్ని ఏ తెలుగింట్లోనూ కొలతలు చూసి చెయ్యరు, అలాంటిది దీనికి అంగడికి పరిగెత్తడం ఏమిటో.

అర కిలో కీమాకి సరిపడా లెక్క చెప్తాను. రంగు ఎక్కువ, ఘాటు తక్కువ ఉండే కాయ కావాలి: బ్యాడిగి గానీ, వరంగల్ చపాటా గానీ. చపాటాని అక్కడ టమాటా మిర్చి అంటారు, దీనికి బాగా పనికొస్తుంది. అవి దొరక్కపోతే కాశ్మీరీ కారం. తొడిమలు తీసి, గింజలు దులిపేసి, సన్న సెగ మీద కాయ వెచ్చబడి కాస్త ఉబ్బేదాకా తిప్పండి, నల్లబడితే చేదొచ్చేస్తుంది. జీలకర్ర విడిగా వేయించాలి, ఎందుకంటే మిరపకాయతో కలిపి వేస్తే ఏదో ఒకటి మాడుతుంది. చల్లారాక కొట్టిన కారం నాలుగు టీస్పూన్లు, జీలకర్ర పొడి రెండు, ఓరెగానో ఒకటి, మిరియాల పొడి అర. ధనియాల పొడి ఒక టీస్పూను వేస్తారు కొందరు, నాకైతే అక్కర్లేదు.

ప్యాకెట్‌లో ఉంటాయి కదా అని ఉల్లి పొడి, వెల్లుల్లి పొడి కొనకండి. అవి చెమ్మని పీల్చుకుంటాయి, కోస్తా ఊళ్లలో వానాకాలం వస్తే సీసాలో రాయిలా తయారవుతాయి. ఉల్లిపాయ ఒకటి సన్నగా తరిగి, వెల్లుల్లి నాలుగైదు రెబ్బలు చితక్కొట్టి నూనెలో వేయించుకుంటే రుచీ మెరుగే, పొడీ పాడవదు. ఉప్పు కూడా పొడిలో కలపొద్దు, కూరలో వేసుకోండి.

కీమా వేసి నీళ్లు ఇగిరేదాకా వేయించాక, పక్కకి జరిపి, బాణలి మధ్యలో ఇంకో చెంచా నూనె పోసి, పొడి ఆ నూనెలోనే పడేట్టు వెయ్యండి. అర నిమిషం చాలు, నూనె ఎర్రబడి వాసన గుప్పుమంటుంది. మిరప రంగు నూనెలోనే దిగుతుంది, నీళ్లలో దిగదు. చాలామంది ఇది వదిలేసి పొడిని నీళ్లతో పాటు కలిపేస్తారు, తర్వాత రుచి రాలేదంటారు. ఆపైన ముప్పావు గ్లాసు నీళ్లలో టీస్పూను మొక్కజొన్న పిండి కలిపి పోసి దగ్గరపడనిచ్చి, దించాక నిమ్మకాయ పిండాలి. మాంసం తిననివాళ్లు ఉడికించిన రాజ్మాని సగం మెదిపి ఇలాగే చేసుకోవచ్చు. మీల్ మేకర్ అయితే నీళ్లు గట్టిగా పిండి వేయాలి, లేకపోతే చప్పబడుతుంది.

ఓరెగానో గురించి ఒక మాట. మెక్సికో వాళ్లు వాడే ఓరెగానో, పిజ్జా మీద చల్లుకునేది ఒకే మొక్క కాదు, మొదటిది వెర్బెనా కుటుంబం, రెండోది పుదీనా కుటుంబం. పిజ్జాతో వచ్చే పొట్లాలు వాడితే వాటిలో ఉప్పు కలిసి ఉందేమో చూసుకోండి. ఏదీ లేకపోతే వాము నలిపి చిటికెడు వెయ్యండి. మెక్సికన్ ఓరెగానోకి ఆ ఘాటు వాసన ఇచ్చే థైమాల్ వాములోనూ ఉంది. చిటికెడే సుమా, ఎక్కువైతే పొట్ట ఉబ్బరానికి మందు తాగినట్టుంటుంది.

గరం మసాలా మాత్రం వద్దు. లవంగం, దాల్చినచెక్క మెక్సికో వంటల్లోనూ వాడతారు, నేను కాదనను, కానీ ఈ కీమాలో యాలకుల వాసన తగిలిందా, అది మన కీమా కూరే, చపాతీలో చుట్టి తినడమే. తప్పేం లేదు, టాకో అని పేరు పెట్టకుండా ఉంటే సరి.

వచ్చే ఆదివారం ఎలాగూ పాఠకుల స్పందన వేస్తారు కాబట్టి, ఆ రెండు టేబుల్ స్పూన్ల కారం దగ్గర 'బ్యాడిగి' అన్న ఒక్క మాటైనా చేర్చండి, ఎవరింట్లోనైనా పిల్లలు తినేలోపే. పొడి కాస్త ఎక్కువ కొట్టుకున్నవాళ్లు గాజు సీసాలో పోసి పొయ్యికి, ఎండకి దూరంగా పెడితే రెండు మూడు నెలలు వాసన పోదు. కాల్చిన మొక్కజొన్న కంకి మీద నిమ్మచెక్కతో రుద్దుకోవచ్చు, వేయించిన పల్లీలకి పట్టించుకోవచ్చు. ఇడ్లీలోకి మాత్రం బాగుండదు, జీలకర్ర మరీ ఎక్కువైపోతుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఫ్రిస్కో, టెక్సస్