వాసూ, మోచేతి ఫోటో పంపు

చిరంజీవి వాసుకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. చేను దగ్గర బోరు మళ్ళీ మొరాయించింది. ఆవకాయ బాగా కుదిరింది, ఎవరైనా అటు వస్తుంటే పంపిస్తాం. అన్నట్టు, గచ్చిబౌలిలో ఎవరో కారు డోరు తీస్తే నువ్వు సైకిల్ మీద నుంచి పడ్డావని శేషు మామయ్య అన్నాడు. నిజమేనా? నువ్వేమో ‘బాగున్నా’ అని మెసేజ్ పెట్టి ఊరుకున్నావు. అమ్మకు ఒకటే టెన్షన్.

‘కార్లు తిరిగే రోడ్డు మీద సైకిలేంటి’ అన్నాడు మామయ్య. నాకు ఒళ్ళు మండింది. మీ తాతయ్య దుగ్గిరాల నుంచి తెనాలికి సైకిల్ మీదే డ్యూటీకి వెళ్ళేవారు. ఒక రాత్రి డైనమో బల్బు మాడిపోయింది. లైటు లేదని కానిస్టేబుల్ ఆపి, రెండు చక్రాల్లోనూ గాలి తీసేశాడు. కాలవ గట్టు మీద ఇంటిదాకా నెట్టుకుంటూ వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. నాయనమ్మ తిట్టిపోసింది. ఆయనకు మాత్రం కోపం లేదు. ‘లైటు అడిగాడంటే మనదీ బండి కిందే లెక్క’ అన్నారు. రిటైరయ్యేదాకా చొక్కా జేబులో కాగితంలో చుట్టిన బల్బు ఒకటి ఉండేది.

అందుకే నిన్ను మానెయ్యమనను. కానీ రోడ్డు అంచున నక్కి తొక్కకు. అక్కడే ఇసుక, అక్కడే డోర్లు. ఆగి ఉన్న కారుకు డోరు తెరుచుకునేంత ఎడం ఉంచు. ఎడమకు తిరిగే బస్సు పక్కన దూరకు, డ్రైవరుకు కనపడవు. వెనక ఎర్ర లైటు వెలుగుతోందా? ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ వేశారు, సంతోషమే. అది నీ ఆఫీసు గేటు దాకా రాదుగా! మిగతా దారంతా కార్ల మధ్యే వెళ్ళాలి, ఆ దారి నీదీనూ.

ఆ కారు నంబరు రాసుకున్నావా? సైకిల్ లైసెన్సు అక్కర్లేని బండి కదా అని వెనక్కి తగ్గకు. మోటారు బండి వల్ల దెబ్బ తగిలితే, దాని థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు కింద సైకిల్ తొక్కేవాడూ నష్టపరిహారం అడగవచ్చు. పోలీసులకు చెప్పడానికి మొహమాటపడకు.

టీటీ ఇంజెక్షన్ చేయించుకున్నావా? హెల్మెట్ నేలకు తగిలి ఉంటే పగులు కనపడకపోయినా కొత్తది కొను, డబ్బులు నేను వేస్తాను. రాత్రి అమ్మకు వీడియో కాల్ చెయ్యి. ఫుల్ చేతుల చొక్కా వేసుకుని మాత్రం కూర్చోకు.

ఇట్లు,
నాన్న