పిట్టపాటకు హార్మోన్ ఒక్కటే కారణం కాదు

సంపాదకులు గారికి,

అయ్యా, మీ ఆదివారం విజ్ఞాన పేజీలో పాటపిట్టల మెదడుపై హార్మోన్ల ప్రభావం గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఇటువంటి విషయానికి తెలుగు పత్రిక సగం పేజీ కేటాయించడం సంతోషకరమే. అయితే మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ రక్తంలో చేరగానే పిట్ట పాట అందుకుంటుందని అందులో రాసినది సగం నిజం. చాలాకాలం జంతుశాస్త్రం బోధించినవాడిగా మిగతా సగం మీ దృష్టికి తెస్తున్నాను.

టెస్టోస్టెరాన్ పాటను తెచ్చిపెట్టదు. పాటకు కావలసిన మెదడును సిద్ధం చేస్తుంది. రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫెర్నాండో నాటెబోమ్ 1981లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, కానరీ అనే చిన్న పాటపిట్టల్లో మగదాని మెదడులో పాటను నడిపించే హెచ్‌వీసీ అనే భాగం శరత్కాలంలో కన్నా వసంతంలో దాదాపు రెట్టింపు పరిమాణంలో ఉంటుంది. పగటి పొద్దు పెరిగేకొద్దీ ఆ వెలుగు పుర్రె గుండా మెదడు లోపలి గ్రాహకాలకు నేరుగా అంది, మెదడు అడుగున ఉండే హైపోథాలమస్, దాని కిందనున్న పిట్యూటరీ గ్రంథి మీదుగా వృషణాలను మేల్కొల్పుతుంది. అక్కడ ఊరిన టెస్టోస్టెరాన్ మెదడుకు చేరాక, కొంత భాగం అరోమటేజ్ అనే ఎంజైమ్ వల్ల ఈస్ట్రోజెన్‌గా మారి పనిచేస్తుంది. మగపిట్ట పాట వెనుక ఆడ హార్మోన్‌గా మనం లెక్కగట్టే పదార్థం కూడా ఉందన్నమాట.

ఎదిగిన ఆడ కానరీల హెచ్‌వీసీలో కొత్త నాడీకణాలు పుడుతున్నాయని 1983లో గోల్డ్‌మన్ అనే పరిశోధకుడు, నాటెబోమ్ కలిసి చూపారు. పెద్ద వయసు మెదడులో కొత్త నాడీకణం పుట్టదని పాఠ్యపుస్తకాలు ఘంటాపథంగా చెబుతున్న రోజులవి. విశేషమేమిటంటే, ఆ కణాలు టెస్టోస్టెరాన్ ఇచ్చిన పిట్టల్లోనూ, ఇవ్వని పిట్టల్లోనూ పుట్టాయి. హార్మోన్ ముఖ్యంగా చేసేది పుట్టినవాటిని బతికించడమని తర్వాతి పరిశోధనల్లో తేలింది.

జన్యువుల పాత్రను వ్యాసం అసలు తడమలేదు. 2003లో ఆర్థర్ ఆర్నాల్డ్ అనే శాస్త్రవేత్త బృందం వర్ణించిన ఒక జీబ్రా ఫించ్ అనే పాటపిట్ట శరీరం కుడివైపు మగ, ఎడమవైపు ఆడ. రెండు వైపులకూ అందిన రక్తం ఒకటే, హార్మోన్లూ అవే; అయినా పాటకు సంబంధించిన మెదడు భాగాలు కుడివైపునే ఎక్కువగా మగపిట్ట తీరున పెరిగాయి. ఇక వ్యాసంలోని ఆడపిట్టలు పాడవన్న వాక్యం గురించి ఒక్క మాట: 2014లో వెలువడిన సర్వేలో, పరిశీలించిన పాటపిట్టల జాతుల్లో 71 శాతంలో ఆడవి కూడా పాడతాయని తేలింది.

వ్యాసం పక్కన కోకిల బొమ్మ వేశారు. కవులకు చెల్లుతుంది గానీ, శాస్త్ర వర్గీకరణలో పాటపిట్టల గుంపుకు చెందినది కాకి, కోకిల కాదు. కాకి గూట్లో పెరిగినా ఎదిగాక కోకిల కూసేది తన కూతనే, ఎందుకంటే అది విని నేర్చుకునేది కాదు. పాటపిట్టలు పెద్దవాటి పాట విని, సాధన చేసి నేర్చుకుంటాయి. హార్మోన్ వల్ల పెరిగి తరిగే మెదడు భాగాలు ఆ నేర్పుకు సంబంధించినవే.

బొమ్మ వేయాలంటే మన గిజిగాడు ఉండనే ఉంది. అనంతపురం పల్లెల్లో తొలకరి పడ్డాక, బావి మీదికి వంగిన తుమ్మకొమ్మలకు వేలాడే సగం అల్లిన గూటి కింద, పసుపు తలల మగపిట్టలు రెక్కలు కొట్టుకుంటూ కూయడం చూడవచ్చు. ఆ పసుపు రంగు టెస్టోస్టెరాన్ వల్ల వచ్చేది కాదు, పిట్యూటరీ నుంచి వచ్చే ఎల్‌హెచ్ (ల్యూటినైజింగ్ హార్మోన్) అనే మరో హార్మోన్ వల్ల వస్తుంది. వృషణాలు తీసేసినా ఆ రంగు వస్తుందని మన దేశంలోనే ఎప్పుడో తేల్చారు. పైగా మన జిల్లాలో అతి పొడవైన పగటికీ, అతి పొట్టి పగటికీ తేడా రెండు గంటలైనా ఉండదు కనుక, చలిదేశాల ప్రయోగశాలల్లో కానరీలపై తేలినదాన్ని వాన కోసం కాచుకునే పిట్టలకు ఉన్నదున్నట్టు అంటగట్టడం సరికాదు. ఈ విషయంపై మరో వ్యాసం వేసేటప్పుడు, శ్రీకృష్ణదేవరాయ లేదా యోగి వేమన విశ్వవిద్యాలయంలోని జంతుశాస్త్ర అధ్యాపకులకు ఒకసారి చూపించి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు, అనంతపురం