పెట్టె విప్పి చూశాకే సూత్రం: ఈ నెల గణిత పాఠం గురించి తల్లిదండ్రులకు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల ఏడు, ఎనిమిది తరగతుల గణితంలో ఘనాకృతుల వల రూపాలు, ఉపరితల వైశాల్యం అనే పాఠం నడుస్తోంది. పిల్లలు కత్తిరించిన అట్టలు, మడతలు పడ్డ గళ్ల కాగితాలు ఇంటికి తెస్తూ, నోటు పుస్తకంలో మాత్రం సూత్రాలేవీ రాసుకోకపోవడం చూసి చదువు సాగుతోందా అన్న సందేహం మీలో కొందరికి కలిగి ఉండవచ్చు. సూత్రాలను మేము కావాలనే వెనక్కి జరిపాము. అందుకు కారణం వివరించడానికే ఈ లేఖ.

ఒక ఘనాకృతిని కొన్ని అంచుల వెంట కత్తిరించి, ముక్కలు విడిపోకుండా బల్ల మీద పరిస్తే వచ్చే చదునైన బొమ్మనే వల రూపం లేదా నెట్ అంటారు. ఆ బొమ్మ మొత్తం వైశాల్యమే ఆ ఆకృతి ఉపరితల వైశాల్యం. ఈ సంగతి పట్టుబడితే మిగిలిన పనంతా దీర్ఘచతురస్రాలు, త్రిభుజాలు, వృత్తాల వైశాల్యాలను కూడడమే, అవి పిల్లలకు ముందే వచ్చు. జర్మన్ చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ 1525లో అచ్చు వేయించిన జ్యామితి గ్రంథంలో ఘనాకృతులను ఇలాగే విప్పి గీసి చూపించాడు.

తరగతిలో ఎక్కువ సమయం సమఘనం మీదే గడిపాము. దానికి 6 ముఖాలు, 12 అంచులు, 8 శీర్షాలు. ఆరు చతురస్రాలు ఒకే ముక్కగా నిలవాలంటే వాటి మధ్య ఐదు మడతలు ఉండాలి కాబట్టి, ఏ వైపు నుంచి మొదలుపెట్టినా కత్తిరించవలసినవి సరిగ్గా 7 అంచులే. ఆరు చతురస్రాలను అంచుకు అంచు కలిపి పేర్చే పద్ధతులు, తిప్పినవీ బోర్లించినవీ వేరుగా లెక్కపెట్టకపోతే, 35 ఉన్నాయి. వాటిలో మడిచినప్పుడు సమఘనం అయ్యేవి 11 మాత్రమే. ఆ పదకొండింటినీ పిల్లలకు ముందే గీసి ఇవ్వకుండా వెతకమన్నాము. మిగిలిన 24 ఎందుకు కుదరవో చెప్పగలగడమే ఈ పాఠంలో అసలైన నేర్పు అని నా అభిప్రాయం. ఉదాహరణకు నాలుగు చతురస్రాలు 2×2గా ఒకచోట చేరిన బొమ్మ ఏదీ పనికిరాదు, ఎందుకంటే సమఘనం ప్రతి మూల దగ్గర కలిసేవి మూడు ముఖాలే, నాలుగు చతురస్రాలు ఒక బిందువు చుట్టూ చేరితే అక్కడ మడవడానికి సందు మిగలదు. నాలుగు చతురస్రాల వరుసకు మిగిలిన రెండింటినీ ఒకే పక్కన అతికిస్తే, ఒక చివర రెండు పొరలు పడి రెండో చివర తెరుచుకునే ఉంటుంది. దీన్ని చేత్తో మడిచి చూసిన పిల్లలు తరువాత కాగితం మడవకుండానే, బొమ్మను చూసి చెప్పగలుగుతారు.

సూత్రాన్ని ముందు బట్టీ పడితే వచ్చే చిక్కు దీర్ఘఘనం దగ్గర బయటపడుతుంది. పొడవు 6, వెడల్పు 4, ఎత్తు 3 సెంటీమీటర్లు ఉన్న పెట్టెను విప్పితే 24, 18, 12 చదరపు సెంటీమీటర్ల ముఖాలు జతలుగా కనిపిస్తాయి, మొత్తం 108. మూత లేని పెట్టె అని ప్రశ్నలో ఉంటే, సూత్రం మాత్రమే తెలిసిన విద్యార్థి మళ్లీ 108 అనే రాస్తాడు. వల రూపం గీసుకున్న విద్యార్థి పై ముఖాన్ని కొట్టేసి 84 అంటాడు. అలాగే 5 సెంటీమీటర్ల అంచు గల రెండు సమఘనాలను అతికిస్తే ఉపరితల వైశాల్యం 300 కాదు, 250 చదరపు సెంటీమీటర్లు. అతికిన చోట రెండు ముఖాలు లోపలికి వెళ్లిపోతాయి కదా. ఘనపరిమాణం మాత్రం అతికించినా తగ్గదు. ఈ రెండు కొలతలనూ పిల్లలు తరచుగా కలగలుపుతారు కాబట్టి, జవాబు పక్కన చదరపు సెంటీమీటర్లా, ఘన సెంటీమీటర్లా అన్నది తప్పక రాయమంటున్నాము.

స్థూపాన్ని విప్పితే రెండు వృత్తాలు, ఒక దీర్ఘచతురస్రం వస్తాయి. ఆ దీర్ఘచతురస్రం పొడవును చాలామంది వృత్తం వ్యాసానికి సమానంగా గీస్తారు, నిజానికి అది వృత్తం పరిధికి సమానం. వ్యాసార్ధం 7, ఎత్తు 10 సెంటీమీటర్లు అనుకుని, π విలువ 22/7గా తీసుకుంటే పొడవు 44, వక్రతల వైశాల్యం 440, ఒక్కో వృత్తం 154, మొత్తం 748 చదరపు సెంటీమీటర్లు. వ్యాసంతో గీసిన బొమ్మను చుట్టబోతే సగం కూడా చుట్టుకోదు, తప్పు ఎక్కడుందో అప్పుడు ఎవరూ చెప్పనక్కరలేదు.

గోళానికి వల రూపం లేదు. ఎంత చిన్న ముక్క తీసుకున్నా సాగదీయకుండా చదును చేయడం సాధ్యం కాదని జర్మన్ గణిత శాస్త్రవేత్త గౌస్ 1827లో నిరూపించాడు. చాలా ప్రపంచ పటాల్లో ధ్రువాల దగ్గరి దేశాలు ఉన్నదానికంటే పెద్దవిగా కనిపించడం వెనుక ఉన్నదీ ఇదే చిక్కు. మరి గోళం ఉపరితల వైశాల్యం ఎలా వచ్చిందని ఎనిమిదో తరగతి పిల్లలు అడిగారు. గోళాన్ని సరిగ్గా ఇమిడ్చుకునే స్థూపం వక్రతల వైశాల్యానికి అది సమానమని ఆర్కిమెడిస్ చూపాడని మాత్రం చెప్పి, వివరాలు పై తరగతులకు ఉంచాము.

మీరు చేయగలిగిన సాయం ఒకటుంది. ఇంట్లో పారేయబోయే అట్టపెట్టె ఏదైనా ఉంటే పిల్లల చేతికి ఇవ్వండి. ముందు దాని వల రూపాన్ని ఊహించి కాగితం మీద గీయమని, తరువాతే పెట్టెను విప్పి పోల్చుకోమని చెప్పండి. విప్పిన పెట్టెలో జిగురు కోసం వదిలిన అదనపు మడతలు కనిపిస్తాయి. వాటిని ఉపరితల వైశాల్యంలో కలపకూడదు కానీ, పెట్టె తయారీకి పట్టే అట్ట ఎంతో లెక్కించాలంటే కలపాలి. ఈ తేడా గురించి పిల్లలు అడిగితే సమాధానం మీరే చెప్పకుండా, ఏది దేనికి అవసరమో వారినే ఆలోచించనివ్వండి. సూత్రం అడిగినా వెంటనే చెప్పవద్దని నా మనవి, బొమ్మ గీసి ముఖాలు లెక్కపెట్టమనండి. కత్తెర వాడేటప్పుడు చిన్నపిల్లల దగ్గర పెద్దవారు ఒకరు ఉండాలి.

విప్పిన పెట్టెను, దాని పక్కన ముందుగా ఊహించి గీసిన బొమ్మను వచ్చే సోమవారం పిల్లలతో పంపండి. ఊహించిన బొమ్మ తప్పయినా దిద్దకుండా అలాగే పంపండి, తరగతిలో చర్చకు మాకు కావలసింది అదే.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు