బుకింగ్ ఉంది, గది మాత్రం లేదట

సంపాదకులకు నమస్కారం.

చలికాలం వస్తే అరకు, వంజంగి, లంబసింగి దారులన్నీ కార్లతో నిండిపోతాయి. అక్కడి ట్రాఫిక్ గురించి, ప్లాస్టిక్ చెత్త గురించి పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. హోటళ్లలో ప్రయాణికుల పాట్ల గురించి మాత్రం పెద్దగా ఎవరూ రాయడం లేదు.

సంక్రాంతి సెలవులకు అరకులోయలోని ఒక హోటల్లో యాప్ ద్వారా గదులు బుక్ చేశాం. డబ్బు ముందే కట్టాం. కన్ఫర్మ్ అయిందని మెసేజ్ కూడా వచ్చింది. తీరా చీకటి పడ్డాక అక్కడికి చేరితే, కౌంటర్లో ఉన్నతను మా ఫోన్ వైపు చూడను కూడా చూడకుండా "ఆ బుకింగ్‌తో మాకు సంబంధం లేదండీ, యాప్ వాళ్లతో మాట్లాడుకోండి" అన్నాడు. యాప్ వాళ్లకు ఫోన్ చేస్తే, హోటల్ వాళ్లు గదుల్లేవంటున్నారు, డబ్బు వాపసు వేస్తామన్నారు. నిజానికి గదులు ఉన్నాయి. రేటు రెట్టింపు ఇస్తే ఉన్నాయి! మోకాళ్ల నొప్పులున్న అమ్మను, నిద్రకు తూగుతున్న పిల్లలను ఆ చలిలో వెంటేసుకుని ఇంకెక్కడికి పోతాం? అడిగినంతా ఇచ్చాం. పొద్దున గీజర్ పనిచేయలేదు. వేడినీళ్లకు బకెట్ లెక్కన డబ్బు తీసుకున్నారు. బిల్లు అడిగితే తెల్లకాగితం మీద మొత్తం రాసిచ్చారు, జీఎస్టీ నంబరు ఊసే లేదు. ఏది అడిగినా ఒకటే జవాబు: "సీజన్ కదండీ".

సీజన్లో రేటు పెంచుకుంటే తప్పనను, అది వ్యాపారం. కానీ ఒక రేటుకు ఒప్పుకుని, డబ్బు ముట్టాక, మనిషి గుమ్మంలోకి వచ్చాక మాట మార్చడాన్ని ఏమనాలి? కౌంటర్లో కుర్రాడు ఓనరు చెప్పిందే చెబుతాడు, అతన్ని అని లాభం లేదు.

చట్టం లేక కాదు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ఫిర్యాదు అందినట్టు యాప్ వాళ్లు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. వినియోగదారుల ఫిర్యాదులకు 1915 హెల్ప్‌లైన్ ఉంది. 2019 వినియోగదారుల చట్టం వచ్చాక మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, కట్టిన మొత్తం 5 లక్షల లోపయితే ఫీజు కూడా లేదు. అయినా రెండు మూడు వేల కోసం ఉద్యోగాలు మానుకుని వినియోగదారుల కమిషన్ చుట్టూ ఎవరు తిరుగుతారు? వాళ్ల ధైర్యమంతా అదే.

అందుకే మొదటి అడుగు అధికారులే వేయాలి. పర్యాటక శాఖ, అల్లూరి సీతారామరాజు జిల్లా యంత్రాంగం కలిసి వచ్చే సీజన్ లోపు హోటళ్ల వాళ్లను, యాప్ వాళ్లను ఒకచోట కూర్చోబెట్టాలి. బుకింగ్ తీసుకున్న హోటల్ గది ఇవ్వలేకపోతే, అదే రేటుకు వేరేచోట గది చూపించే బాధ్యత ఆ ఇద్దరిదేనని తేల్చాలి. గదుల రేట్లు, 1915 నంబరు ప్రతి కౌంటర్ దగ్గరా తెలుగులో పెద్దక్షరాలతో పెట్టించాలి. సెలవు రోజుల్లో రాత్రిపూట ఫోన్ ఎత్తే అధికారి ఒకరుండాలి. ఆఫీసు వేళల్లో గదుల గొడవలు రావు.

- ఒక పాఠకుడు, విజయనగరం