పెన్ను మూత నా దగ్గరే ఉండిపోయింది ఆంటీ

అమ్మ మాత్ర తెచ్చిచ్చేలోపు ఇది రాసేయాలి, లేకపోతే రేపు రాయను, నా సంగతి నాకు తెలుసు. 5 నెలలుగా ఫోన్ ఎత్తనందుకు, మెసేజ్ చూసి కూడా జవాబివ్వనందుకు చాలామందికి నా మీద కోపంగా ఉంది. విషయం ఏంటంటే నాకు డిప్రెషన్. ఇంట్లో మా ఆయనకీ నాకూ మధ్య ఏడాదిగా సరైన మాట లేదు, నాన్నతో అయితే అసలే లేదు, అన్నీ కలిసి ఒకరోజు నన్ను మంచం మీద నుంచి లేవనివ్వలేదు. ఇప్పుడు మందులు వాడుతున్నాను, కౌన్సెలింగ్‌కి వెళ్తున్నాను. బాగైపోయానని చెప్పను. ఇవాళ తల దువ్వుకున్నాను, అంతవరకు వచ్చాను.

అన్నయ్య, వదిన బాబుని వాళ్ళింటికి తీసుకెళ్ళి చూసుకున్నారు. అమ్మ రాత్రిళ్ళు నా పక్కనే పడుకుంటోంది. వాళ్ళకి థ్యాంక్స్ చెప్తే తిడతారు కాబట్టి అక్కడితో ఆపుతున్నాను.

అసలు ఇదంతా ఒకావిడ కోసం రాస్తున్నాను. పేరు కూడా అడగలేదు.

మొదటిసారి సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్ళిన రోజు, లోపలికి పంపేముందు ఒక కాగితం ఇచ్చి నింపమన్నారు. డిప్రెషన్ ఎంత ఉందో చూసే ప్రశ్నల కాగితం, పీహెచ్‌క్యూ-9 అంటారట. 9 ప్రశ్నలు, గత 2 వారాల్లో ఎంత తరచుగా అలా అనిపించిందో చూసుకుని ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా వేయాలి. నిద్ర, ఆకలి, నీరసం, ఇవన్నీ గబగబా వేసేశాను, పరీక్షలో తెలిసిన జవాబులు ముందు రాసేసినట్టు. తొమ్మిదోది, చనిపోతే బాగుండు అని గానీ, నాకు నేనే ఏదైనా చేసుకోవాలని గానీ అనిపించిందా అని. అక్కడ చెయ్యి ఆగిపోయింది. 0 వేస్తే అబద్ధం. ఇంకేం వేసినా వెంటనే ఇంటికి ఫోన్ చేస్తారేమో, బాబుని నా దగ్గర్నుంచి తీసేసుకుంటారేమో, రేపు గొడవ పెద్దదైతే ఈ కాగితమే నా మీదికి తెస్తారేమో అని భయం. ఒకే చోట చుక్క పెడుతూ కూర్చున్నాను. చుక్క పెద్దదై కాగితానికి చిల్లు పడింది, పెన్ను కూడా రాయడం మానేసింది.

పక్క కుర్చీలో ఆవిడ అప్పటిదాకా నావైపు చూడనైనా లేదు. ఒళ్ళో లావుపాటి ఫైలు, అవతల ఒక పాతికేళ్ళ అబ్బాయి, కొడుకు. బ్యాగులోంచి తన పెన్ను తీసి, మూత ఊడదీసి, మూత నా ఎడమ చేతిలో, పెన్ను కుడి చేతిలో పెట్టి, కాగితం వైపు చూడకుండానే అన్నారు, "మావాడూ అక్కడే ఆగాడమ్మా. సున్నా వేశాడు. ఆ సున్నా నమ్మి మేం ఆర్నెల్లు పోగొట్టుకున్నాం. ఉన్నది ఉన్నట్టు వెయ్యి తల్లీ."

అంతే. పెళ్ళయిందా, ఆయనేం చేస్తారు, ఎందుకొచ్చావు, ఏమీ అడగలేదు. "నీకేం తక్కువైంది" అని ఏడాదిగా వినీ వినీ ఉన్నదాన్ని, ఏమీ అడగని మనిషి పక్కన కూర్చోవడం ఎలా ఉంటుందో మర్చిపోయాను. 2 వేశాను. వేయగానే ఏడుపొచ్చింది, ముక్కు కారుతూ, శబ్దం పైకొచ్చేలా, అంతమంది మధ్యలో. ఆవిడ ఓదార్చలేదు, ఊరుకోమని కూడా అనలేదు. ఆ ఫైలు తెరిచి నా మొహానికి అడ్డంగా పట్టుకున్నారు. ఇప్పటికీ నాకు ఆ ఫైలు అట్టే గుర్తొస్తుంది, దాని మీద అంటించిన కాగితం, చెమటకి అలుక్కుపోయిన ఇంకు. బరువుకి ఆవిడ చెయ్యి వణుకుతోంది. నా పేరు పిలిచేదాకా దించలేదు.

మొత్తం 21 వచ్చింది. 20, ఆపైన అయితే తీవ్రమైనదని లెక్కట. డాక్టరుగారు ఆ తొమ్మిదో ప్రశ్న గురించి విడిగా అడిగారు. బాబుని ఎవరూ లాక్కోలేదు. రాత్రి ఒంటరిగా ఉంటావా, మాత్రలు ఎవరి దగ్గర ఉంటాయి అని అడిగారు, అందుకే ఇప్పుడు డబ్బా అమ్మ దగ్గర ఉంది.

కోపం కూడా ఉంది, దాచుకోను. ఆ డాక్టరుగారిని కలవడానికి 5 వారాలు ఆగాను. బీపీ చూడటానికి లోపలికి పిలిచారు గానీ, చావాలని ఉందా అనే ప్రశ్న మాత్రం హాల్లో, మోకాళ్ళ మీద పెట్టుకుని నింపుకోవాలి. ఒక తెర కట్టడానికి ఏమైంది? ఇక సెలవు కాగితం సంగతి. డిప్రెషన్ అని ఉన్నందుకు ఆఫీసు నుంచి రెండుసార్లు వెనక్కి వచ్చింది, మూడోసారి ఒకరు గొంతు తగ్గించి "నడుం నొప్పి అని రాయించుకురండి, సులువుగా అయిపోతుంది" అన్నారు. పాపం మంచికే చెప్పారు. అదే ఎక్కువ బాధ.

కౌన్సెలింగ్ మేడమ్‌కి చాలా థ్యాంక్స్. సలహాలిస్తారనుకుంటే 50 నిమిషాలూ ప్రశ్నలే. మాటామాటా పెరిగినప్పుడు "మళ్ళీ వచ్చి మాట్లాడతాను" అని చెప్పి, కనీసం 20 నిమిషాలు వేరే గదిలోకి వెళ్ళమన్నారు, ఒంట్లో ఆ ఆవేశం దిగడానికి అంతసేపు పడుతుందట. ఆ 20 నిమిషాలూ తిరిగొచ్చి ఏమనాలో తయారుచేసుకుంటే లెక్కలోకి రాదట. నాకు వచ్చిందే అది! పోయిన వారం మా ఆయన కూడా మొదటిసారి వచ్చారు. దాని గురించి ఇక్కడ రాయను.

ఆంటీ, తర్వాత రెండుసార్లు వారంలో అదే రోజు, అదే టైముకి వచ్చి కూర్చున్నాను, మీరు కనిపించలేదు. పెన్ను మీ ఫైలు మీద పెట్టేశాను గానీ మూత నా ఎడమ చేతిలోనే ఉండిపోయింది. నీలం మూత, చివర కొరికి ఉంది. మీ అబ్బాయి ఎలా ఉన్నాడు?

అయ్యో, మందుల షాపు అబ్బాయిని మర్చిపోయాను. 10 రోజులకే పనిచేయట్లేదని ఆపేయబోతుంటే, "ఇది తలనొప్పి మాత్ర కాదండి, 4 నుంచి 6 వారాలు పట్టొచ్చు, మీ అంతట మీరు ఆపకండి, డాక్టర్ని అడగండి" అని కవరు మీద రాసి మరీ ఇచ్చాడు. బాబు వాళ్ళ టీచరుగారికి కూడా, ఏమీ అడక్కుండా వాణ్ని కాస్త ఎక్కువ చూసుకున్నందుకు. ఇంకా ఆ రోజు టోకెన్లు పిలిచే అతను, అందరినీ కేకేసి పిలుస్తూ నా వంతు వచ్చేసరికి దగ్గరికొచ్చి మెల్లిగా చెప్పాడు, అతనికీ. ఇంకెవరో ఉన్నారు, గుర్తు రావట్లేదు, అమ్మ నీళ్ళు పట్టుకుని నిలబడింది, ఉంటాను.