జిగురు బియ్యం జోకుని మింగేశారు, నా 149 నాకిచ్చేయండి

కస్టమర్ కేర్ వాళ్ళకి,

నేను బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాను, మీ యాప్‌కి మూడేళ్ళుగా డబ్బులు కడుతున్నా. పోయిన శనివారం రాత్రి 149 రూపాయలు పెట్టి 1985 నాటి హాంకాంగ్ సినిమా మిస్టర్ వాంపైర్ తెలుగు డబ్బింగ్ రెంట్‌కి తీసుకున్నా, అనంతపురం నుంచి అక్క కొడుకు వచ్చాడు, తొమ్మిదేళ్ళోడు, వాడికి చూపిద్దామని. చాట్‌లో రెండుసార్లు చెప్పా, రెండుసార్లూ "మీ ఇంటర్నెట్ స్పీడ్ చెక్ చేసుకోండి సార్" అన్నారు. అయ్యా, నెట్ బానే ఉంది, పాడైంది మీ డబ్బింగ్.

ఆ సినిమాలో దెయ్యమంటే తెల్లచీర కట్టుకుని పాట పాడేది కాదండీ. కట్టెలా బిగుసుకుపోయిన శవం, పాతకాలం చైనా ఆఫీసరు డ్రెస్సులో చేతులు ముందుకి చాపి గెంతుకుంటూ వస్తుంది, దానికి మనుషులు తెలిసేది ఊపిరిని బట్టి, అందుకని అందరూ ముక్కు మూసుకుని నిలబడతారు. చూసేవాడు కూడా తెలీకుండానే ఊపిరి బిగబడతాడు, అక్కడే భయమూ నవ్వూ ఒకేసారి వస్తాయి. మీరు సరిగ్గా అక్కడ ఎక్కడిదో ఢమఢమ మ్యూజిక్ తెచ్చి అతికించారు, పైగా ఎవడో "వామ్మో చచ్చాంరోయ్" అని అరుస్తాడు. ఊపిరే తీయకూడని చోట అరుపేంటండీ? మావాడు "మామా, అరిచినా దానికి వినపడదా?" అని అడిగాడు, ఏం చెప్పాలి నేను.

ఇంకోటి. శవం గోళ్ళు గుచ్చుకుంటే ఆ విషం లాగడానికి జిగురు బియ్యం కావాలి, దెయ్యాల్ని పట్టే గురువు దగ్గరున్న శిష్యుడు కొనడానికెళ్తే షాపువాడు అందులో మామూలు బియ్యం కలిపేస్తాడు. సోనామసూరిలో రేషన్ బియ్యం కలిపే సరుకు చూసిన మనకి ఇంతకంటే బాగా అర్థమయ్యే జోకు ఇంకేముంటుంది చెప్పండి! మీ డబ్బింగ్‌లో రెండూ "బియ్యం" అంతే. బియ్యంలో బియ్యం కలిపాడంట.

ఫైట్ల సంగతి కూడా చెప్తా. గురువు వేషం వేసిన లామ్ చింగ్ యింగ్ పెకింగ్ ఒపెరా, అంటే పాటలూ గెంతులూ ఫైట్లూ ఉండే చైనా నాటకం, అందులో ట్రైనింగ్ తీసుకున్నాయన, ప్రొడ్యూసర్ సమో హంగ్ కూడా అలాంటి ఒపెరా బడిలోంచి వచ్చినోడే, 1980లోనే ఇలాంటిది ఒకటి తీసి తనే హీరోగా చేశాడు. ఇటు రబ్బరులా వంగే మనిషి, అటు మోకాలు కూడా వంగని శవం, ఆ కొట్లాటలో కామెడీ అంతా కాళ్ళ దగ్గరే ఉంటుంది. మీ వెర్షన్‌లో స్క్రీన్ నిండాలని పైనా కిందా కోసేశారు, గెంతే కాళ్ళే కనపడవు, ఏదో లిఫ్ట్‌లో పైకీ కిందకీ పోతున్నట్టుంది.

రీఫండ్ అడిగితే "మీరు సగం పైనే చూశారు కాబట్టి కుదరదు" అన్నారు. సగం చూడకపోతే బియ్యం సంగతి నాకెలా తెలుస్తుందండీ?

మావాడైతే ఆదివారం పొద్దున, సినిమాలో శవాన్ని ఆపడానికి నుదుటికి అంటించే పసుపు మంత్రం కాగితంలా, నుదుటికి పసుపు స్టిక్కీ నోట్ అంటించుకుని కారిడార్ అంతా గెంతాడు, పక్క ఫ్లాట్ ఆంటీ పాల ప్యాకెట్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇంత పాడుచేసినా వాడికి అంత నచ్చింది, అసలుది చూస్తే ఇంకెలా ఉంటుందో. నా 149 వెనక్కి వేయండి, సినిమా అసలు భాష కాంటనీస్ ఆడియో, కోయని బొమ్మ, బియ్యం తేడా తెలిసిన సబ్‌టైటిల్స్ పెట్టండి. దసరా సెలవులకి వాడు మళ్ళీ వస్తున్నాడు.