తిరగేసిన సంచి

చిన్నా,

క్షేమంగా చేరాను. రైలులో కిటికీ పక్క చోటే దొరికింది, మోకాళ్లు పెద్దగా బాధపెట్టలేదు. ఈ సంగతి ఫోనులోనే మాట్లాడదామనుకున్నాను కానీ, రెండు మాటలు పూర్తికాకముందే నువ్వు "సరేలే అమ్మా, వదిలెయ్" అంటావని తెలుసు. కాగితంతో ఆ మాట అనలేవు కదా.

ఆదివారం నీ ఆఫీసువాళ్లు వచ్చే ముందు, నేను తెచ్చిన సరుకులన్నీ డబ్బాల్లోకి ఒంపి, ఖాళీ సంచిని తిరగేశావు. నేను కొనే చవక దుకాణం పేరున్న వైపు లోపలికి, కుట్లూ దారపు పీచులూ ఉన్న వైపు బయటికి. నాలుగు మడతలు వేసి ఫ్రిజ్‌కూ గోడకూ మధ్య సందులోకి తోశావు. ఒక మూల బయటికి పొడుచుకువస్తే కాలి బొటనవేలితో నెట్టావు. కూరగాయలు తరుగుతూ తల ఎత్తలేదు కాబట్టి నేను చూడలేదనుకున్నావు. ముప్ఫై ఏళ్లుగా నిన్ను తల ఎత్తకుండానే చూస్తున్నాను.

అప్పుడు నాకు నవ్వొచ్చింది. సరుకులు కొనే చోట సిగ్గుపడటం నీతో మొదలైంది కాదులే. 1937లో అమెరికాలోని ఓక్లహోమా సిటీలో సిల్వన్ గోల్డ్‌మన్ అనే దుకాణాల యజమాని తోసుకుపోయే సరుకుల బండిని తయారుచేయించాడు. మడత కుర్చీని చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చిందట. తీరా దుకాణంలో పెడితే ఎవరూ ముట్టుకోలేదు. బుట్ట మోయలేనంత నీరసంగా కనిపిస్తామేమోనని మగవాళ్లు దూరం జరిగారు. పిల్లల బండ్లు తోసింది చాలు, ఇప్పుడు ఇది కూడానా అని ఆడవాళ్లు మొహం తిప్పుకున్నారు. చివరికి ఆయన కొందరికి కూలి ఇచ్చి, ఆడా మగా, చిన్నా పెద్దా అందరి చేతా కొనేవాళ్లలా ఆ బండ్లు తోయించాడు. పక్కవాడు తోస్తుంటే చూసి మిగతావాళ్లూ పట్టుకున్నారు. నీ సంచి మడతలు చూస్తే నాకు ఆ కథే గుర్తొచ్చింది.

కోపం వచ్చింది ఆ తర్వాత, భోజనాల దగ్గర. చవక దుకాణాల మాట వచ్చింది. "సరుకు సంగతి అలా ఉంచండి, అసలు అక్కడికి ఎలాంటివాళ్లు వస్తారో చూశారా?" అన్నావు. అందరూ నవ్వారు. అలాంటివాళ్లలో ఒకావిడ అప్పుడు వంటింట్లో మీ కోసం పళ్లేలు తుడుస్తోంది.

సరుకు బాగుండదని అని ఉంటే సంతోషంగా వాదించేదాన్ని. ఆ విషయంలో నాకు కొంత అధికారం ఉంది. నువ్వు బడికి వెళ్లే రోజుల్లో పదకొండేళ్లు ప్యాకింగ్ హాలులో పనిచేశాను. పైన ఒకటే పెద్ద తొట్టి, దాని నిండా చక్కెర. కింద యంత్రానికి పొద్దున పేరున్న కంపెనీ కవరు రోలు ఎక్కించేవాళ్లం. మధ్యాహ్నం అది తీసి, చవక దుకాణం తన సొంత పేరుతో అమ్ముకునే రకం రోలు ఎక్కించేవాళ్లం. తొట్టి అదే, చక్కెర అదే, తూకం అదే. రోలు మార్చడానికి ఇరవై నిమిషాలు పట్టేది. ఆ ఇరవై నిమిషాల్లో చక్కెర తన హోదా పోగొట్టుకునేది పాపం.

అన్ని సరుకులూ ఇంతేనని అనను. ఒకే కర్మాగారంలో తయారైనా, పాళ్లు మార్చి వేరువేరుగా చేయించుకునేవి ఉంటాయి. అవి రుచి చూసి తేల్చుకోవలసినవే. కానీ చక్కెర, ఉప్పు లాంటి వాటిలో తేడా ఏముంటుంది? 2015లో కొందరు ఆర్థికవేత్తలు ప్రచురించిన అమెరికా లెక్కలు ఈ మధ్య చదివాను. తలనొప్పి మందులు కొనేటప్పుడు మామూలు జనం 26 శాతం సార్లు పేరున్న బ్రాండు తీసుకున్నారు. మందుల గురించి చదువుకున్న ఫార్మసిస్టులు తీసుకున్నది 9 శాతం సార్లే. మిగతా సార్లు దుకాణం సొంత బ్రాండుతోనే సరిపెట్టుకున్నారు. ఉప్పూ చక్కెరల దగ్గర వంట వృత్తిలో ఉన్నవాళ్లదీ అదే దారి. వాళ్ల కొనుగోళ్లలో పేరున్న బ్రాండ్ల వాటా తక్కిన వాళ్లకంటే 12 శాతం పాయింట్లు తక్కువ. చదివి, మా హాలులో వాళ్లందరినీ తలుచుకున్నాను. మాలో ఒక్కరు కూడా ఆ పేరున్న కవరు కొనేవారు కాదు.

అలాగని, నువ్వు కొనే ఖరీదైన దుకాణం సరుకు రుచే వేరంటే, నీ నాలుక అబద్ధమాడుతోందని కూడా అనలేను. 2008లో వచ్చిన ఇంకో పరిశోధనలో, ఒకే వైన్‌కు ఒకసారి తక్కువ ధర, ఒకసారి ఎక్కువ ధర చెప్పి తాగించారు. ఎక్కువ ధర విన్నప్పుడు బాగుందన్నారు. మొహమాటానికి అన్న మాట కాదు, స్కానింగ్‌లో మెదడులో ఆ ఇష్టం పుట్టే చోటు కూడా ఎక్కువగా స్పందించింది. కాబట్టి నీ దుకాణం సరుకు నీకు బాగుందంటే బాగుందనే నమ్ముతాను. అదే రుచి నాకూ తెలియాలని పట్టుబట్టకు, అంతే.

తాజాదనం మాటకొస్తే, అది జనంతో వస్తుంది. గిరాకీ ఉన్న చోట సరుకు నిలవ ఉండదు. మెరిసే అద్దాల వెనక, రోజుకు నలుగురు కూడా ఆగని అరలో ఉన్న డబ్బా మీద తేదీ ఎప్పుడైనా తిప్పి చూశావా? పాత తేదీవి ముందుకు, కొత్తవి వెనక్కి సర్దుతారు, చెయ్యి లోపలికి పెట్టి తీసుకో. నువ్వు నవ్విన ఆ "ఎలాంటివాళ్లు" గుంపుగా వచ్చి అరలు ఖాళీ చేస్తుంటారు కాబట్టే, నేను నీకు తెచ్చినవన్నీ కొత్త తేదీలవి. నువ్వు ఒంపేసిన కవర్లు చెత్తబుట్టలో ఇంకా ఉంటే చూసుకో.

అక్కడికి వచ్చేవాళ్లలో చాలామందికి అది ఎంపిక కూడా కాదు. నీకు మూడేళ్లప్పుడు మీ నాన్న పని పోయింది. ఆ ఏడాదంతా చక్కెర పావుకిలో చొప్పునే కొన్నాను. చిన్న పొట్లంలో కిలో లెక్క కడితే ఎక్కువ పడుతుందని తెలియక కాదు, కిలోకు సరిపడా డబ్బు ఒక్కసారిగా చేతిలో ఉండేది కాదు. ఇంతకంటే ఇక్కడ రాయను, మీ నాన్న చదివితే బాధపడతారు.

ఇక నా సంగతి. ఇది రాయకపోతే ఉత్తరం అబద్ధమవుతుంది.

పిన్ని ఎక్కడ కొంటుందో నీకు తెలుసు కదా, నీ దుకాణం లాంటిదే. "సరుక్కి కాదే, ఆ దీపాలకూ చల్లగాలికీ డబ్బు కడుతున్నావు" అని ఏళ్ల తరబడి నలుగురి ముందూ దాన్ని ఎగతాళి చేశాను. నా రసీదు తీసి, దాని రసీదు పక్కన పెట్టి, తేడా గట్టిగా చదివి వినిపించేదాన్ని. నువ్వు సంచి దాచావు, నేను రసీదు జెండాలా ఊపాను. నాకు అది పొదుపులా కనిపించేది, గర్వమని తట్టలేదు. ఒకరోజు అది మెల్లగా అంది: "అక్కా, మంచాన ఉన్న మనిషిని రోజంతా చూసుకుంటాను. వారంలో ఆ ఒక్క గంటే నన్ను ఎవరూ పిలవరు. అక్కడ దారులు వెడల్పుగా ఉంటాయి, ఎవరూ తోసుకుపోరు. అక్కడి సరుకు గొప్పదని నీతో ఎప్పుడైనా అన్నానా?"

అనలేదు. వెతికి వెతికి గుర్తుచేసుకున్నా ఒక్కసారి కూడా అనలేదు. ఆ రోజు నుంచి రసీదు తీయడం మానేశాను. మనసులో లెక్క వేసుకోవడం మాత్రం ఇంకా మానలేదు, అది వేరే సంగతి.

నీకూ అలాంటి కారణం ఏదైనా ఉంటే అదే చెప్పు. రాత్రి పొద్దుపోయాక కూడా తెరిచి ఉంటుందను, వరుసలో నిలబడే ఓపిక లేదను. కారణమేమీ లేకపోతే "నాకక్కడ బాగుంటుంది" అంటే చాలు, నీ డబ్బు, నీ ఇష్టం. ఆ ఇష్టానికి నాణ్యత అనే చొక్కా తొడగకు. అవతలి దుకాణం వరుసలో నిలబడ్డ మనుషులను దానికి సాక్ష్యానికి పిలవకు. ఆ వరుసలో నేను ఎవరి వెనక నిలబడ్డానో, ఎవరు నా బుట్ట పట్టుకున్నారో నీకు తెలియదు.

వచ్చే నెల రెండో వారంలో వస్తాను. ఈసారి ఏమీ తీసుకురాను, ఇద్దరం వెళ్లి నీ దుకాణంలోనే కొందాం, నాకూ ఆ వెడల్పు దారులు చూడాలనుంది. ఆ సంచి మాత్రం పారేయకు. పిడులు గట్టివి, పది కిలోలు పెట్టినా తెగవు. సందులోంచి తీసేటప్పుడు జాగ్రత్త, ఫ్రిజ్ తీగకు చుట్టుకుని ఉంది. బయలుదేరే ముందు తీయబోయి, నువ్వు అటే వస్తుంటే వదిలేశాను.

ఆశీస్సులతో,
అమ్మ